సగం మాటల ఊరు

మా తాళ్ళగుంటలో ఎవరూ మాట పూర్తి చెయ్యరు. చెయ్యాల్సిన అవసరం రాదు. మీరు బస్సు దిగి "అన్నా, పంచాయతీ ఆఫీసు..." అనేసరికే ఎదుటివాడు సందు వైపు చెయ్యి చూపించి తన దారిన తాను పోతుంటాడు. కూరగాయల బండి దగ్గర బేరం మొదలవకముందే ముగిసిపోతుంది. మొగుడూ పెళ్ళాల పోట్లాటలు మరీ చోద్యం. ఆయన నోరు తెరవగానే ఆమె జవాబు చెప్పేస్తుంది, ఆమె జవాబు సగంలో ఉండగానే ఆయన అలిగి వెళ్ళిపోతాడు. పాపం, పక్కింటివాళ్ళకి గొడవ దేని గురించో తెలుసుకునే యోగం కూడా లేదు.

ఈ ఊళ్ళో ఇంకా మొదటినుంచి చివరిదాకా మాట్లాడే కొద్దిమందిలో నేనొకదాన్ని. నా పేరు వెంగమాంబ. పోగు ల్యాబులో పని చేస్తాను. ఫోన్లలో మాట్లాడేవాళ్ళ మాటలు రికార్డుల్లో విని మార్కులు వెయ్యడం నా ఉద్యోగం. మార్కులు వేసేవాళ్ళు పోగు పెట్టుకోకూడదని నియమం. అందుకే ఊరంతా పరుగెడుతుంటే నేను ఈడ్చుకుంటూ నడుస్తుంటాను. టీ కొట్టు శేషయ్య నా ముఖం కనిపించగానే అల్లం టీ పోసేస్తాడు. ఒకరోజు కాఫీ తాగాలనిపించి "శేషయ్యా, ఇయ్యాల..." అన్నానో లేదో టీ గ్లాసు చేతిలో ఉంది. ఎందుకొచ్చిన గొడవలే అని తాగేశాను.

ఇంతకీ పోగు అంటే ఏమిటో చెప్పాలి. మా ఊరికి ఇంటర్నెట్ ఆలస్యంగా వచ్చింది, వచ్చాక కూడా ఆలస్యంగానే నడిచింది. ఉపగ్రహం మీదుగా ఆకాశంలోంచి దిగే లైను అది. బొమ్మ బాగానే వస్తుంది, మాట మాత్రం ఒక క్షణం వెనకబడుతుంది. ఇంట్లో కూర్చునే ఉద్యోగాలు చేసుకోవచ్చు, ఇక ఊరు బాగుపడినట్టే అని పెద్దలు సభ పెట్టి మరీ చెప్పారు. పిల్లలు సినిమాలు చూశారు, ముసలివాళ్ళు ఫోన్లలో చిట్కా వైద్యాలు చూశారు, అంతకుమించి బాగుపడిందేమీ లేదు. కంపెనీలు మా పిల్లల్ని పరీక్షించి చూసి వద్దనేవి. ఇంగ్లీషు రాక కాదు. ఆ ఒక్క క్షణం వల్ల ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఇద్దరూ ఒకేసారి ఆగిపోవడం. అవతలివాళ్ళు విసుక్కుని ఫోను పెట్టేసేవారు.

ఆ క్షణాన్ని మింగేసే యంత్రాన్ని కనిపెట్టినవాడు డాక్టర్ ఉపేంద్ర. మా ఊరి బళ్ళోనే చదివి, ఎక్కడెక్కడో పనిచేసి, ఈ ఊరికేదో చెయ్యాలని తిరిగొచ్చిన మనిషి. పోగు చిక్కుడు గింజంత ఉంటుంది. చెవి వెనక అంటించుకుంటారు. అవతలివాళ్ళు నాలుగు మాటలు అనగానే మిగతా నాలుగూ ఏమై ఉంటాయో ఊహించి చెవిలో ఊదుతుంది. వాళ్ళు చెప్పడం ముగించేసరికి మనవాళ్ళ జవాబు అక్కడికి చేరిపోయి ఉంటుంది. ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉందని కంపెనీలు మురిసిపోయాయి. విచిత్రమేమిటంటే, ఏడాది పెట్టుకుంటే ఆ విద్య మెదడుకే పట్టుబడుతుంది. తర్వాత పోగు తీసేసినా ఊహించడం ఆగదు, ఎదుటి మనిషి ముఖం కదిలినా చాలు. ల్యాబులో దీన్ని పెద్ద విజయంగా చెప్పుకున్నాం.

ఊరు నిజంగానే మారింది. ఆ మాట నేను తక్కువ చేసి చెప్పను. సంత మైదానం చుట్టూ టైల్స్ కొట్లు వచ్చాయి. ఆడపిల్లల స్కూటర్లు బాగుచెయ్యడానికే ఇద్దరు మెకానిక్కులు వచ్చారు. పుట్టినరోజుకి కేకు కోసం కనిగిరి దాకా పోయే బాధ తప్పింది. హైదరాబాదు బస్సు సగం ఖాళీగా వెళ్ళడం మొదలైంది. ఆడవాళ్ళ చేతికి జీతం వచ్చింది, జీతంతో పాటు ఇంట్లో వాళ్ళ మాటకి బరువొచ్చింది. మా తమ్ముడు పెంచలయ్య భార్య హైమనే తీసుకోండి. బీకాం చదివి, పెళ్ళయ్యాక చీరలకి ఫాల్స్ కుట్టుకుంటూ కూర్చున్న పిల్ల. ఇప్పుడు ఆస్ట్రేలియాలో ఆసుపత్రులకి అపాయింట్‌మెంట్లు ఇస్తుంది. ఆమె ఊహ నూటికి తొంభై ఎనిమిది సార్లు సరైనదని ల్యాబు లెక్క. ఎవరైనా పెద్దమనుషులు ల్యాబు చూడటానికొస్తే ఉపేంద్రగారు హైమ రికార్డే వినిపిస్తారు. మా మరదలని నేనూ అందరికీ చెప్పుకునేదాన్ని.

హైమకి ఒక్కతే కూతురు, ఆద్విక. ఆ పేరు నోరు తిరక్క మా నాన్న ఆదెమ్మ అని పిలుస్తాడు. చురుకైన పిల్ల. చెప్పిందల్లా అర్థమవుతుంది, పిలిస్తే పలకరింపుగా నవ్వుతుంది. మూడేళ్ళు నిండవస్తున్నా ఒక్క మాట లేదు. అమ్మా అనలేదు, అత్తా అనలేదు. కొందరు పిల్లలకి మాట ఆలస్యంలే అని ఊళ్ళోవాళ్ళు సర్దిచెప్పారు. కొండమీద స్వామికి మొక్కుకోమన్నారు. మొక్కుకున్నాం. ఆపైన ఒంగోల్లో పిల్లల డాక్టరుకి చూపించాం.

డాక్టరమ్మ పిల్ల చెవులు చూసింది, నాలుక చూసింది, బొమ్మలిచ్చి ఆడించింది. ఏ లోపమూ లేదంది. తర్వాత హైమని చాలాసేపు గమనించి, ఈ పిల్లకి ఇంట్లో మాటతో పని పడుతోందా అని అడిగింది. ఈ వయసు దాటిపోతే మాట రావడం నానాటికీ కష్టమవుతుందని, ఆలస్యం చెయ్యొద్దని చెప్పి పంపించింది. తిరిగొచ్చేటప్పుడు దారిలో పెంచలయ్య ఏదో అనబోయాడు. హైమ అతను ఏమనబోతున్నాడో తెలిసినట్టు తల తిప్పుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

ఆ వారం నేను వాళ్ళింట్లోనే మకాం పెట్టి చూశాను. పిల్ల ఆడుకుంటూ ఆడుకుంటూ తలెత్తుతుంది. పెదవులు విడివడతాయి. అంతే, పాల గ్లాసు దాని ముందుంటుంది. పిల్ల గ్లాసు వంక చూస్తుంది, తల్లి వంక చూస్తుంది, నోరు మూసుకుని పాలు తాగేస్తుంది. కాళ్ళు కదిపితే చెప్పులొస్తాయి, కళ్ళు నులిమితే ఉయ్యాల ఊగుతుంది. ఇంత చక్కగా కనిపెట్టుకునే తల్లిని నేనెక్కడా చూడలేదు.

"హైమా, దాన్ని ఒక్కసారి అడగనియ్యవే," అన్నాను.

"అడిగేదేముంది వదినా, పాలకే కదా," అంది.

తెలిసి తెలిసి బిడ్డని ఏడిపించమంటావా అని నా మీద కోప్పడింది కూడా. కానీ డాక్టరు మాట ఆమె మనసులో ముల్లులా ఉండిపోయింది. పోగు తీసి బీరువాలో పెట్టింది. నోటికి చున్నీ కట్టుకుని చూసింది. చేతులు వెనక్కి కట్టుకుని గోడకానుకుని నిలబడి చూసింది. ఏమీ లాభం లేకపోయింది. ఒకరోజు వంటింట్లో గట్టు మీద కూలబడి ఏడ్చింది.

"ఆగుదామనే అనుకుంటా వదినా. ఆగుదామని అనుకునేసరికే గ్లాసు దాని చేతిలో ఉంటది. నేనేం చేసేది?"

మర్నాడు ల్యాబులో ఉపేంద్రగారితో ఈ సంగతంతా చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నారు. వేరే ఇళ్ళల్లో కూడా పిల్లలకి మాట ఆలస్యమవుతోందని తన చెవిన పడిందన్నారు. కానీ తొంభై ఎనిమిది శాతం సరిగ్గా ఊహించే తల్లి ఉండటం పిల్లకి అదృష్టమే అవుతుంది గానీ కీడెలా అవుతుందని అడిగారు. నా బల్ల దగ్గరికొచ్చి కూర్చున్నాక కూడా ఆ 'సరిగ్గా' అనే మాట నన్ను వదిలిపెట్టలేదు. సరైనదని మేం ఎలా తేలుస్తున్నాం? ఫోను చివర అవతలివాళ్ళు 'సరే' అంటే ఊహ సరైనట్టు. అదీ నా ఉద్యోగం. సరే వినబడగానే టిక్కు పెట్టడం.

ఆ లెక్కన శేషయ్య నాకు పోసిన టీకి కూడా నూటికి నూరు వేసుకోవచ్చు. నేనూ నోరు మూసుకుని తాగేశాను కదా.

హైమ మాట్లాడిన పాత ఫోన్లు బయటికి తీశాను. ఈసారి హైమ గొంతు వదిలేసి, అవతలి మనిషి సరే అనడానికి ముందు ఏం జరుగుతోందో అది మాత్రమే విన్నాను. ఒక ఫోనులో ఎవరో పెద్దావిడ. తన భర్తకి గురువారం ఇచ్చిన అపాయింట్‌మెంటు గురించి అని మొదలుపెట్టింది. హైమ తేనెలొలికే గొంతుతో సోమవారానికి మార్చాను, పొద్దున పదింటికి రండి అనేసింది. అవతల చిన్న ఖాళీ. ఊపిరి పీల్చుకున్న చప్పుడు. ఆ తర్వాత, సరే, ధన్యవాదాలు. దానికి నేను పెట్టిన టిక్కు పక్కనే పచ్చగా మెరుస్తోంది.

ఉపేంద్రగారిని అడిగి ఆవిడకి ఫోను చేశాను. సేవ ఎలా ఉందో కనుక్కుందామని చేశామని చెప్పి, ఆ రోజు మీరు నిజంగా ఏం చెప్పబోయారని అడిగాను. అడిగేసి, ఆవిడ చెప్పేదాకా ఆగాను. ఆ తర్వాత చెప్పింది. అపాయింట్‌మెంటు రద్దు చేయించడానికి చేసిందట. భర్త పోయి అప్పటికి వారం కూడా కాలేదట.

మరి ఆ మాట ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఆ మాట నోటిదాకా తెచ్చుకోవడానికే పొద్దుటినుంచీ పట్టింది. ఆ అమ్మాయి అంత మర్యాదగా సోమవారం అనేసింది. దాన్ని మళ్ళీ మొదటినుంచీ తెచ్చుకోవడం నా వల్ల కాలేదు."

సోమవారం మీరు రాలేదేమని ఆసుపత్రి నుంచి ఆయన పేరు మీద మెసేజ్ కూడా వచ్చిందట. దాన్ని చెరిపెయ్యడానికి చేతులు రాక అలాగే ఉంచుకున్నానంది.

ఆ వారమంతా ఇంకా చాలామందికి ఫోన్లు చేశాను. అందరిదీ ఆవిడ కథ కాదు. ఎక్కువమందికి హైమ ఊహే సరిపోయింది, హాయిగా పని జరిగింది, ఆ పిల్ల బంగారం అని కూడా అన్నారు. కానీ మధ్యమధ్యలో తగులుతూనే ఉన్నారు. వేరే డాక్టరు కావాలనుకున్నవాళ్ళు, నొప్పి ఇంకోచోట అని చెప్పబోయినవాళ్ళు, అసలేదో అడుగుదామని ధైర్యం కూడగట్టుకుని చేసినవాళ్ళు. వాళ్ళు కూడా సరే అనే పెట్టేశారు. ఒకసారి అలా సరే అన్నవాళ్ళు రెండోసారి ఇంకా తొందరగా సరే అంటున్నారు.

ఆ రికార్డులు ఉపేంద్రగారు తలుపు వేసుకుని విన్నారు. బయటికొచ్చాక ఆయన ముఖం చూడలేకపోయాను. గోడమీద ల్యాబు మొదలైన దగ్గర్నుంచీ పైపైకి పోతున్న సరైన ఊహల గీత ఒకటుంది. దాని ముందు నిలబడ్డారు.

"ఇది పైకి పోతుంటే మన ఊహ పదునెక్కుతోందనుకున్నానమ్మా," అన్నారు. "అవతలివాళ్ళు సర్దుకుపోవడం నేర్చుకుంటున్నారని అనుకోలేదు."

ఈ సంగతి కంపెనీలకి తెలిస్తే ఏమవుతుందో ఆయన నాకు చెప్పనక్కర్లేకపోయింది. టైల్స్ కొట్లు, కేకుల కొట్టు, స్కూటర్ల మీద పోయే ఆడపిల్లలు, అందరూ ఆ గీత మీదే నిలబడ్డారు. ఇంటర్నెట్ వచ్చినంతమాత్రాన ఊరు పెరగలేదు, పోగు వచ్చాకే పెరిగింది. నాకూ భయమేసింది. నా జీతం కూడా అందులోదే కదా. రెండు రోజులు ఆయన ఆ రికార్డులే మళ్ళీ మళ్ళీ విన్నారు. మూడోరోజు నేను రాసిచ్చిందంతా ఉన్నదున్నట్టు కంపెనీలకి పంపించారు. అవతలివాళ్ళు ముగించి, ఇంకో ఊపిరి తీసుకునేదాకా నోరు మెదపనివ్వని కొత్త పోగు తయారుచేస్తామని కూడా రాశారు. కొన్ని కంపెనీలు అలాగే చెయ్యమన్నాయి. రెండు కంపెనీలు పని ఆపేశాయి. నోటికాడి కూడు లాగేసిందని ఊళ్ళో కొందరు నాతో మాట్లాడటం మానేశారు. శేషయ్య మాత్రం మానకుండా టీ పోశాడు, కాకపోతే పంచదార వెయ్యలేదు.

పని ఆగిపోయినవాళ్ళలో హైమ కూడా ఉంది. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ పెద్దావిడ ఫోను తనకి వినిపించమంది. వద్దన్నాను, వినలేదు. సరే అనే దగ్గర ఆపి, వెనక్కి జరిపి మళ్ళీ విన్నది. మళ్ళీ విన్నది. ఆ ఖాళీలో ఏదైనా వినబడుతుందేమో అన్నట్టు ఫోను చెవికి అదుముకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"వదినా, నా బిడ్డ కూడా నాతో సర్దుకుపోతా ఉందా?"

ఊరికే ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చున్నాను.

ఆ ఆదివారం పొద్దున నేను తమ్ముడింటికి వెళ్ళేసరికి మా నాన్న మాలకొండయ్య వరండాలో ఆదెమ్మతో ఆడుకుంటున్నాడు. ఆయన పశువుల సంతలో బేరగాడు. సంత చిక్కిపోయాక పని మానేశాడు గానీ భుజం మీద తువ్వాలు మానలేదు. మా వైపు ఎద్దుల బేరం నోటితో చెయ్యరు. అమ్మేవాడి చెయ్యీ కొనేవాడి చెయ్యీ కలిపి పైన తువ్వాలు కప్పుతారు. ధర వేళ్ళతో చెప్పుకుంటారు. చుట్టూ వందమంది ఉన్నా ఆ బేరం ఇద్దరికే తెలుస్తుంది. తాతా మనవరాలూ అలా తువ్వాలు కింద చేతులు పెట్టుకుని ఆడటం నేను ఎన్నిసార్లు చూశానో. ముసలాయనకి పొద్దుపోక ఆడుతున్నాడనుకునేదాన్ని.

ఆరోజు ఎందుకో ఆగి చూశాను. బేరం బెల్లంముక్కల మీద. పిల్ల కళ్ళు ఎటో ఉన్నాయి, తువ్వాలు కింద వేళ్ళు మాత్రం ఆడుతున్నాయి. మా నాన్న దిగాలుగా ముఖం పెట్టి, అంతయితే నాకు గిట్టదు ఆదెమ్మా, కాస్త దిగు అంటున్నాడు. అది దిగలేదు. చెయ్యి విసురుగా లాక్కుంది, మూతి ముడిచింది, కాసేపటికి మళ్ళీ తనే చెయ్యి పెట్టింది. ఇంట్లో ఏది చేతిలో పెడితే అది పుచ్చుకునే పిల్ల ఇక్కడ ఒప్పుకోవడం లేదు. ఒప్పుకోకపోవడం దానికి వచ్చు.

లోపలికెళ్ళి హైమని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. అలవాటు కొద్దీ పాల గ్లాసు తెచ్చుకుని వచ్చి, పక్కన గట్టు మీద పెట్టింది. నీ కూతురితో నువ్వూ బేరం ఆడు అన్నాను. మా నాన్నకి విషయం అర్థమైందో లేదో గానీ, కోడలు కూర్చోవడానికి వీలుగా తను లేచి తువ్వాలు అక్కడ వదిలేసి స్తంభం దగ్గరికి జరిగి నిలబడ్డాడు.

తువ్వాలు కింద పిల్ల వేళ్ళు కదిలాయి. హైమ వెంటనే ఆ చెయ్యి గట్టిగా పట్టేసుకుంది. పిల్ల లాగేసుకుంది.

"అమ్మాయ్, అవతలి వేళ్ళు ఆగకముందే పట్టేస్తే ఆ బేరం చెల్లదు," అని మా నాన్న నవ్వాడు. "సంతలో అయితే చెయ్యి దులుపుకుని పోతారు."

ఇంకోసారి చెయ్యి పెట్టింది. ఇంకోసారి తొందరపడింది. పిల్ల మళ్ళీ లాక్కుంది. మూడోసారి హైమ వేళ్ళు వదులుగా పెట్టి కూర్చుంది. పోగు ఆమెకి మాటల కొసలు నేర్పింది, ముఖాల్లో కదలికలు నేర్పింది. తువ్వాలు కింద ముఖం లేదు. పిల్ల వేళ్ళు ఒకదాని తర్వాత ఒకటి ఆమె అరచేతిలో ఏదో చెబుతున్నాయి, ఆమెకి ఒక్క ముక్క అర్థం కావడం లేదు. కొన్నేళ్ళుగా నేను ఆ ముఖంలో చూడని తికమక చూశాను.

"ఏందమ్మా? నాకు తెలవడంలా," అంది హైమ. "ఏం కావాలి? నువ్వే చెప్పు."

పిల్ల తలెత్తి తల్లి ముఖంలోకి చూసింది. కొత్త మనిషిని చూసినట్టు చూసింది. హైమ కదలలేదు, రెప్ప కూడా వెయ్యలేదు. ఆద్విక గట్టు మీద ఉన్న పాల గ్లాసు వైపు తిరిగింది. దాని పెదవులు విడివడ్డాయి, మూసుకున్నాయి, మళ్ళీ విడివడ్డాయి.

"వద్దు," అంది.

చిన్న గొంతు, కాస్త బొంగురుగా ఉంది. హైమ గ్లాసు వంక చూసింది, పిల్ల వంక చూసింది. ఇన్నాళ్ళూ పోసిన పాలన్నీ ఆమె కళ్ళముందు తిరిగి ఉంటాయి. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా కొంగుతో నోరు నొక్కుకుంది. నాకు మాత్రం ఏడుపే వచ్చింది, దాచుకోలేదు.

ఇక ఆ పూట హైమని ఆపడం మా వల్ల కాలేదు. అన్నం పెట్టనా అని అడుగుతుంది, జవాబొచ్చేదాకా కూర్చుంటుంది. వద్దు. స్నానం చేద్దామా? వద్దు. బొమ్మ కావాలా? వద్దు. ప్రతి వద్దుకీ హైమ ముఖం వెలిగిపోతోంది. మూడేళ్ళ బాకీ ఒక్క పూటలో వసూలు చేసుకుంటున్నట్టు పిల్ల కూడా రెచ్చిపోయింది. పెంచలయ్య గుమ్మంలో నిలబడి నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

అడిగి అడిగి అలిసిపోయి, చివరికి హైమ మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ చాపింది.

"అమ్మ కావాలా?"

అడిగేసి ఆగిపోయింది. జవాబు ఏమొస్తుందో ఆమెకి తెలియదని ముఖం చూస్తేనే తెలుస్తోంది. ఆద్విక తొందరపడలేదు. గోడమీద కాకిని చూసింది, తాతని చూసింది, తన కాలి వేళ్ళు చూసుకుంది.

"వద్దు," అంది. అని, ఆమె ఒళ్ళోకెక్కి కూర్చుంది.